ఎర్ర తువ్వాలు విషయమై

బావమరిదికి,

"మీరు ఇంటికెళ్లి ఓ గంట పడుకోండి బావా, ఏదైనా అయితే నేనే వచ్చి లేపుతాను" అని ఆసుపత్రి వరండాలో మాట ఇచ్చావు. నేను పడుకున్నాను. నువ్వు లేపలేదు. నా అంతట నేను లేచి వచ్చేసరికి మీ అక్క మంచం మీద దుప్పటి మార్చేస్తున్నారు. అది ఏళ్లనాటి సంగతి. దాని గురించి ఈ ఉత్తరం రాయడం లేదు.

ఆ రోజు నుంచీ నీతో మాట్లాడటం మానేశాను. ఇప్పుడూ మాట్లాడటం లేదు. రాయడం మాట్లాడటం కిందికి రాదని నా అభిప్రాయం. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే నీ కుశలం నాకు తెలియదు, నా కుశలం నీకు అక్కర్లేదు. కనుక నేరుగా విషయానికి వస్తాను.

విషయం నా తువ్వాలు.

నిన్న ఉదయం నా ఎర్ర తువ్వాలు ఉతికి, పిండి, వరండా కిటికీకి ఆరేశాను. తర్వాత గడ్డం గీసుకోవడానికి కూర్చున్నాను. ఒక చెంప అయింది, రెండో చెంప మీద నురగ ఉంది, తలుపు కొట్టారు. తీస్తే ముగ్గురు. వెనకాల మెట్ల మీద ఇంకొంతమంది తలలు. నువ్వు కింద హాలులో నడుపుతున్న 'మనసు కేంద్రం' వాళ్లట.

ముందు డాక్టరు లోపలికి వచ్చి నా నాడి పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ల నుంచి?" అన్నాడు.

"ఏం ఎన్నాళ్ల నుంచి?"

"ఇలా అనిపించడం."

"ఎలా అనిపించడం?"

"అదే తాతగారూ, మీరే చెప్పాలి. వెనకటి రోజుల్లో మీకు సంతోషం కలిగించినవి ఇప్పుడూ కలిగిస్తున్నాయా?"

"ఇతరుల తప్పులు పట్టుకోవడం ఒక్కటే నాకు సంతోషం. ఈ ఉదయం పుష్కలంగా కలుగుతోంది" అన్నాను. అతను తల ఊపి పక్కవాళ్లకేసి చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

తర్వాత ప్రార్థనమ్మ అని మీరందరూ పిలిచే ఆవిడ నా నెత్తిన చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. "అన్నయ్యగారూ, మీ బరువంతా పైవాడి మీద వేసేయండి" అంది. నా పైన ఉండేది దర్జీ. పాపం, అతనికి ఇప్పటికే నడుం నొప్పి.

మూడో మనిషి సందు చివర రొట్టెల దుకాణం ఆయన. వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఏం కావాలని అడిగాను.

"ఏం లేదండీ. వినడానికి వచ్చాను."

"నేనేమీ చెప్పడం లేదే!"

"పర్లేదండీ."

అలా గంటసేపు కూర్చున్నాడు. నేను రెండో చెంప గీసుకున్నాను, గిన్నెలు కడుక్కున్నాను, పేపరు చదివాను. ఆయన వింటూనే ఉన్నాడు. వెళ్తూ వెళ్తూ ఒక రొట్టె బల్ల మీద పెట్టి, "చాలా బాగుందండీ" అన్నాడు. ఏం బాగుందో నాకు అర్థం కాలేదు.

ఆయన కూర్చున్న కుర్చీ మీ అక్కది. దానిలో ఎవరూ కూర్చోరు. నేనూ కూర్చోను.

దీనికంతటికీ సంజాయిషీ రాతపూర్వకంగా పంపించు.

ఇట్లు,
మీ అక్క భర్త (అంతకుమించి నీకేమీ కాను)

తా.క.: ఆ తువ్వాలు రంగు వదిలి నా బనీన్లన్నీ గులాబీ రంగుకు వచ్చాయి. దీనికి నిన్ను నిందించడం లేదు. ఇంకా ఆధారాలు దొరకలేదు.

* * *

బావగారికి మీ బావమరిది నమస్కరించి రాసేది.

ఇక్కడ నేను క్షేమం. మీరూ క్షేమమేనని మీ ఉత్తరంలోని కోపం చూసి తెలుసుకుని సంతోషించాను. మీరు స్టాంపు అంటించి పోస్టు చేయడం వల్ల అది రెండు రోజులు తిరిగి వచ్చింది. పోస్టాయన నా చేతికిస్తూ, "రాసింది ఎదురు వరస రెండో అంతస్తు పెద్దాయనే కదండీ, కిటికీలోంచి కేకేస్తే సరిపోయేది" అన్నాడు. మా ఇద్దరికీ అదో అలవాటులెండి అని సర్దిచెప్పాను.

బావా, జరిగినదానికి క్షమించాలి. తప్పు మాదే, మీకు ముందే చెప్పి ఉండాల్సింది. మన కేంద్రంలో డాక్టరుగారు మందులూ శాస్త్రమూ చూస్తారు. ప్రార్థనమ్మగారు దేవుడి సంగతి చూస్తారు. ఆ రెండూ తెలియని మా బోటివాళ్లం తోడు కూర్చుంటాం. ఇల్లు కదలని వాళ్లూ, నోరు విప్పి చెప్పలేని వాళ్లూ ఉంటారని ఒక ఏర్పాటు పెట్టుకున్నాం. పొద్దున్నే ఎవరి కిటికీకి వాళ్లు ఒక గుడ్డ కడతారు. ఆకుపచ్చ కడితే బాగున్నానని. పసుపు కడితే అంతంతమాత్రమని. ఎరుపు కడితే, ఎవరైనా రండి అని. నేను టీ తాగి లోపలి ఆవరణంతా ఒక చుట్టు తిరిగి కిటికీలన్నీ చూసుకుంటాను. కొత్తగా చేరినవాళ్లకు తెలియాలని మూడు రంగుల నమూనా గుడ్డలూ నా కిటికీకే కట్టి ఉంచాను. మీ వరండాలోంచి సూటిగా కనిపిస్తాయి. ఎప్పుడైనా చూశారేమో అనుకున్నాను.

మీ కిటికీకి ఎరుపు చూడగానే నా చుట్టు సగంలోనే ఆపేశాను. నేను వస్తే మీరు తలుపు తీయరని ముగ్గురినీ పంపించాను.

అది ఉత్త తువ్వాలని మీరన్నారని వాళ్లకు చెప్పాను. "ఎర్రగుడ్డ కట్టినవాళ్లలో సగంమంది తర్వాత ఆరేసుకున్నామనే అంటారు" అన్నారు డాక్టరుగారు. అందుకని వారం రోజులు మిమ్మల్ని కనిపెట్టి ఉండమన్నారు. నా మాట సాగలేదు.

మీ పాదాలకు నమస్కరిస్తూ,
మీ బావమరిది

తా.క.: బనీన్ల సంగతి ప్రార్థనమ్మగారికి చెప్పాను. ఉప్పునీళ్లలో నానబెట్టమన్నారు. ప్రార్థన కూడా చేస్తానన్నారు, కానీ ముందు ఉప్పునీళ్లు అన్నారు.

* * *

బావమరిదికి,

సంజాయిషీ అందింది. సంతృప్తికరంగా లేదు.

ఉద్యోగమంతా నేను తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశానని నీకు గుర్తు చేయనక్కర్లేదు. ముద్ర లేని రాయితో తూచిన వాణ్ణి నేను వదిలిపెట్టిన రోజు లేదు. ఇప్పుడు నువ్వు మనుషుల మనసు తూచడానికి మూడు గుడ్డముక్కలు పెట్టావు. వాటిని సరిచూసిందెవరు? ముద్ర వేసిందెవరు? నీ పసుపూ నా పసుపూ ఒకటేనని ఎవరు తేల్చారు?

నేనూ నాలుగు పుస్తకాలు చదివినవాణ్ణే. దిగులంటే ఒంట్లో నల్ల పిత్తం పెరగడమని వెనకటి వైద్యులు నమ్మారు. తర్వాతివాళ్లు దెయ్యమన్నారు. ఆ తర్వాతివాళ్లు చిన్నప్పుడు అమ్మ సరిగా ఎత్తుకోకపోవడమన్నారు. ఇప్పటివాళ్లు మెదడులో రసాయనాలంటున్నారు. ఇంతమంది ఇన్ని వేల ఏళ్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నాక, చివరికి తేల్చింది నువ్వు. ఉతికిన గుడ్డ.

ఒక త్రాసు మంచిదా చెడ్డదా తేలాలంటే, బరువు మారని వస్తువును దాని మీద మళ్లీ మళ్లీ తూచాలి. నా మనసు ఏళ్ల తరబడి ఒకే బరువుతో ఉంది. కనుక నన్నే పెట్టి నీ త్రాసును పరీక్షించాను.

మొదట ఆకుపచ్చ చొక్కా ఆరేశాను. ఎవరూ రాలేదు. కానీ మెట్ల మీద దర్జీ నన్ను చూసి నవ్వాడు. పైవాటాలో దిగినప్పటి నుంచీ అతను నాకేసి చూసి నవ్వడం ఇదే మొదలు. నేనూ నవ్వాల్సి వచ్చింది. దవడ పట్టేసింది.

మర్నాడు ఒక కిటికీకి ఆకుపచ్చ చొక్కా, పక్క కిటికీకి ఎర్ర తువ్వాలు, రెండూ ఒకేసారి కట్టాను. నిన్న నీలం దుప్పటి వేశాను. నీ పద్ధతిలో నీలమే లేదు. లేనిదాన్ని మీ వాళ్లు ఎలా తూస్తారో చూద్దామని.

ఫలితాలు తెలియజేయి.

ఇట్లు,
మీ అక్క భర్త

తా.క.: ఉప్పునీళ్లకు బనీన్ల గులాబీ రంగు ఇంకా గట్టిపడింది. ఆవిడను ప్రార్థన మొదలుపెట్టమను.

* * *

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము. కారణం రాస్తున్నాను.

మీరు రెండు కిటికీలకు రెండు రంగులు కట్టిన రోజు కేంద్రంలో అత్యవసర సమావేశం జరిగింది. "ఒకే మనిషి, ఒకే సమయంలో! ఇది నేను పుస్తకంలో చదివానే గానీ కళ్లారా చూడలేదు" అన్నారు డాక్టరుగారు. ఆయన మొహం వెలిగిపోతోంది. ప్రార్థనమ్మగారు మీకోసం ఉపవాసం ఉంటానన్నారు. రొట్టెలాయన మాత్రం, "ఆయనకేం, లక్షణంగా ఉన్నారండీ. గిన్నెలు కడిగేటప్పుడు పెద్దావిడతో మాట్లాడుకుంటూ ఉంటారు" అన్నాడు. నేను మాట మార్చేశాను.

అసలు గొడవ నీలం దుప్పటితో వచ్చింది. అది కొత్తగా కలిపిన రంగేమోనని జనం అనుకున్నారు. దాని అర్థమేమిటని అందరూ నన్ను అడగడం. నాకు తెలియదంటే, "సెక్రటరీగారికే తెలియనంత పెద్ద విషయమన్నమాట" అని గుసగుసలు. చివరికి మీ పైవాటా దర్జీ తేల్చేశాడు. "ఆ పెద్దాయన్ని నేను రోజూ చూస్తాను. నీలమంటే 'నన్ను నా మానాన వదిలేయండి' అని" అన్నాడు.

బావా, అది అందరికీ తెగ నచ్చింది. తెల్లారేసరికి సగం కిటికీలకు నీలం. మొదటి అంతస్తు దంపతులు వీధివైపు కిటికీకి ఆయనొకటి, ఆవరణవైపు కిటికీకి ఆవిడొకటి కట్టారు. పొద్దుటి కూటానికి ఎవరూ రాలేదు. డాక్టరుగారూ, ప్రార్థనమ్మగారూ, నేనూ, ఖాళీ కుర్చీలూ. ఊరికే కూర్చోవడమెందుకని వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు వినడం మొదలుపెట్టారు. తనకు నిద్ర పట్టడం లేదని ఆయన చెప్పారు. తనకు నమ్మకం సడలుతోందని ఆవిడ చెప్పారు. ఆవిడ ఆయనకు ఒక ప్రార్థన నేర్పారు, ఆయన ఆవిడకు ఒక మాత్ర రాసిచ్చారు. ఇద్దరూ కుదుటపడ్డట్టే ఉన్నారు.

దయచేసి దుప్పటి తీసేయండి బావా. కోపం రాకపోతే ఇంకో మాట. ఈ గొడవ సద్దుమణిగాక మీరు ఒక్కసారి కిందికి వస్తారా? నా గది మీరు చూడనేలేదు. మాట్లాడక్కర్లేదు. వచ్చి వెళ్తే చాలు.

మీ బావమరిది

తా.క.: నీలం గుడ్డ తమకూ దొరుకుతుందా అని పక్క వీధి వాళ్లు అడుగుతున్నారు.

* * *

బావమరిదికి,

నీలం సంగతి చదివి చాలా ఏళ్ల తర్వాత నిండుగా నవ్వాను. దాపరికం లేకుండా నిజం చెప్పే రంగు అదొక్కటే. దర్జీ తెలివైనవాడు. ఇన్నాళ్లూ అతని కుట్టుమిషను చప్పుడు గురించి మాత్రమే నాకో అభిప్రాయం ఉండేది.

కిందికి రాను. మళ్లీ అడగకు. లేపుతానని లేపనివాడి గదిలో నాకేం పని?

ఇక మీ డాక్టరు. నన్ను చూసి మొహం వెలిగిపోయిందట. వెలగదూ! వాళ్ల నాన్న కిరాణా కొట్టులో కిలో రాయి అడుగు తొలిచి మైనం పెట్టి తూచేవాడు. నేనే పట్టుకున్నాను. కొట్టు బయట నలుగురిలో ఆ రాయిని తలకిందులు చేసి చూపించాను. అప్పుడీ డాక్టరు లాగు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇన్నేళ్లకు నా ఇంటికొచ్చి నాడి పట్టుకుని నన్ను తలకిందులు చేసి చూశాడు. అడుగున ఏమైనా తొలిచి ఉందేమోనని కాబోలు. పుస్తకాల్లో దీనికి కూడా ఏదో పేరుంటుంది, అడిగి చూడు.

రొట్టెలాయన చెప్పింది అబద్ధం. నేను ఎవరితోనూ మాట్లాడను. గిన్నెలు కడిగేటప్పుడు ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో పైకి అనుకోవడం నా అలవాటు. దానికి ఒకవేళ "ఆఁ, తెలుసులే" అని చివర తగిలించినా, అది మాట్లాడటం కాదు.

అన్నట్టు ఆయన మళ్లీ రాలేదు. రమ్మని కాదు. రొట్టె కట్టిన గుడ్డ ఇక్కడే ఉండిపోయింది. ఎవరి వస్తువు వాళ్లకు చేరాలి.

ఇట్లు,
మీ అక్క భర్త

తా.క.: నిన్నంతా నీ కిటికీకి ఎర్రగుడ్డ ఒక్కటే వేలాడింది. నన్ను వెక్కిరించడానికే అయితే ఇంకాస్త మంచి గుడ్డ చూసుకో. అంచులు పీలికలైపోయాయి.

* * *

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. మీరు నవ్వారన్న వాక్యం అందరికీ చదివి వినిపించాను. దాని తర్వాతి వాక్యాలు చదవలేదు.

నీలం రంగును కేంద్రం అంగీకరించింది. నీలం కట్టినవాళ్ల తలుపు కొట్టకూడదు, కానీ మర్నాడు వాళ్లను మెట్ల మీద చూసి నవ్వాలని తీర్మానం. రొట్టె కట్టిన గుడ్డ కోసం ఆయన వస్తాడు. కావాలనే వదిలేశానన్నాడు.

నా కిటికీ సంగతి పట్టించుకోకండి. పొరపాటున ఉండిపోయింది.

మీ బావమరిది

తా.క.: వెక్కిరింపు మాత్రం కాదు బావా.

* * *

బావమరిదికి,

పొరపాటు ఒక రోజు ఉంటుంది. నీ ఎర్రగుడ్డ నిన్నా ఉంది, ఇవాళా ఉంది. పోయిన ఉత్తరంలో రాసిన రోజును కూడా కలుపుకుంటే ఇది పొరపాటు కాదు, అలవాటూ కాదు.

నాకు పని లేదు గనుక కుర్చీ వరండాలోకి లాక్కుని చూస్తూ కూర్చున్నాను. (నా కుర్చీయే.) చూసినది చూసినట్టు రాస్తున్నాను.

పొద్దున డాక్టరు సరిగ్గా నీ కిటికీ కింద నిలబడి మెడ వెనక్కి వాల్చి పై అంతస్తులన్నీ చూశాడు. నీ గుడ్డ అతని భుజానికి తగిలింది. చేత్తో పక్కకు తోసుకుని వెళ్లిపోయాడు. తర్వాత ప్రార్థనమ్మ వచ్చింది. నీ కిటికీకి వీపు పెట్టి, నా కిటికీకేసి చూస్తూ చేతులు జోడించింది. రొట్టెలాయన నా గుమ్మానికి వచ్చినప్పుడు ఇక ఆగలేక చూపించాను.

"అదిగో, ఆ కిటికీకి ఎరుపు. కనబడటం లేదా?"

"ఏదండీ? అదా! అది నమూనా గుడ్డండీ. సెక్రటరీగారిది."

"నమూనా అయితే మూడు రంగులూ ఉండాలి కదయ్యా?"

"మిగతా రెండూ ఉతుక్కి వేసుంటారండీ."

"మరి సెక్రటరీకే బాగోకపోతే మీకెలా తెలుస్తుంది?"

"ఆయనకెందుకు బాగోదండీ? అందరి కిటికీలూ చూసేది ఆయనే కదా" అన్నాడు.

ఇది నేను ఉద్యోగంలో చూసిన తప్పే. బజారులో తూకాలన్నీ సరిచూసే మా ఆఫీసులోనే, అన్నిటికీ మూలమైన కిలోరాయిని ఎవరూ సరిచూడని రోజులున్నాయి. దాన్నెవరు అనుమానిస్తారు?

కనుక సూటిగా అడుగుతున్నాను. నీ కిటికీలో ఉన్నది నమూనా గుడ్డా, నిజం గుడ్డా? ఒక్క వాక్యంలో జవాబు రాయి. కథలు వద్దు.

ఇట్లు,
మీ అక్క భర్త

తా.క.: ఇది పోస్టులో వేస్తే రెండు రోజులు పడుతుంది. రొట్టెలాయన చేత పంపిస్తున్నాను. నువ్వు జవాబు రాసేదాకా అక్కడే కూర్చోమన్నాను. కూర్చోవడంలో ఆయనకు మంచి అనుభవం.

* * *

బావగారికి,

నిజం గుడ్డే బావా.

మీ బావమరిది

తా.క.: ఒక్క వాక్యంలో రాయమన్నారు.

* * *

బావమరిదికి,

నిన్న నీ గదిలో కూర్చుని వచ్చాక ఇది రాస్తున్నాను. నోటితోనే చెప్పొచ్చు కదా అంటావు. చెబితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నాకు వాక్యం తెగిపోతుంది.

తలుపు తీసినప్పుడు నీ మొహం చూశాను. నువ్వు ముసలివాడివైపోయావు. ఎదురు కిటికీలోంచి అది తెలియదు. నేను మాట్లాడలేదు. వినడానికి వచ్చానని చెప్పినా మాట్లాడినట్టే అవుతుందని, రొట్టెలాయన పద్ధతిలో స్టూలు లాక్కుని కూర్చున్నాను. నువ్వు టీ పెట్టావు. చక్కెర వేయలేదు. నాకు వద్దని నీకింకా గుర్తున్నందుకు కోపం వచ్చింది.

నేను సగం తాగాక నువ్వు, "అక్క లేపొద్దంది బావా" అన్నావు.

"ఏంటీ?" అన్నాను. ఇన్నేళ్ల తర్వాత నీతో నేనన్న మొదటి మాట అది. ఇంకాస్త మంచి మాటతో మొదలుపెట్టి ఉండాల్సింది.

ఆ తర్వాత మనం అనుకున్నది మాట పొల్లు పోకుండా ఇక్కడ రాస్తున్నాను. సాక్ష్యం రాసి ఉంచుకోవడం నా ఉద్యోగ ధర్మం.

"నేను చెప్పులేసుకుని బయల్దేరాను బావా. గుమ్మం దాకా వెళ్లాను. 'ఎక్కడికిరా?' అంది. బావని లేపడానికి అన్నాను. 'వద్దురా. ఆయన కన్ను మూసి ఎన్నాళ్లయిందో! ఇప్పుడు లేపితే తలనొప్పితో వచ్చి నర్సులందర్నీ తిడతాడు. కాస్త నన్ను ప్రశాంతంగా ఉండనీ' అంది."

"అలా అందా?"

"'లేపావంటే జన్మలో నీతో మాట్లాడను' అని కూడా అంది. ఆవిడ మాట విన్నాను. ఆవిడా మాట్లాడలేదు, మీరూ మాట్లాడలేదు."

"మరి నాతో ఎందుకు చెప్పలేదురా?"

"చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. 'నేను వద్దన్నానంటే ఆయన తట్టుకోలేడు. నీ మీదే పెట్టేసుకో. నిన్నయితే నాలుగు రోజులు తిట్టి ఊరుకుంటాడు' అంది."

మీ అక్క లెక్క తప్పింది.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకు ఎర్రగుడ్డ కట్టావని అడిగాను. ఇన్నేళ్లకు నా దగ్గర్నుంచి మొదటి ఉత్తరం వచ్చిందని ఆత్రంగా విప్పావట. మొదటి వాక్యం చదివావట. చెబితే అక్కకిచ్చిన మాట పోతుంది, చెప్పకపోతే నాకిచ్చిన మాట పోయినట్టే ఉంటుంది. నా దుప్పటీ బనీన్లూ చూసి కొన్నాళ్లు నెట్టుకొచ్చావు. తర్వాత మిగతా రెండు గుడ్డలూ విప్పేశావు.

సాక్ష్యం పరీక్షించాను. నర్సులను తిడతాడన్న మాట నువ్వు కల్పించగలిగేది కాదు. ఆ గొంతు నాకు తెలుసు. రోజూ వింటూనే ఉన్నాను, గిన్నెలు కడిగేటప్పుడు. (దీన్ని మీ డాక్టరుకు చెప్పకు. మొహం వెలిగిపోతుంది.)

కనుక ఈ కింది ఏర్పాట్లు చేస్తున్నాను. నీ నమూనా గుడ్డలు విప్పి మెట్ల దగ్గర గోడకు కట్టు. నీ కిటికీలో నీ గుడ్డ మాత్రమే ఉండాలి. దాన్ని రోజూ తనిఖీ చేసే పని నాది. టీ తాగి, వరండాలోకి వచ్చి చూస్తాను. ఆకుపచ్చ కట్టి అబద్ధమాడితే పట్టుకుంటాను. తొలిచిన రాళ్లు పట్టుకున్నవాణ్ణి, నీ మొహం పట్టుకోలేనా?

రేపు నువ్వు పైకి రా. ఎక్కడ కూర్చోవాలని వెతుక్కోకు. కుర్చీ ఉంది. రొట్టెలాయన ఎలాగూ కూర్చుని దాన్ని అలవాటు చేసేశాడు.

ఇట్లు,
నీ బావ

తా.క.: నీ మీద కేసు కొట్టేశాను. అంతమాత్రాన కేసే మూసేశానని సంబరపడకు. కట్టుకున్నవాణ్ణి పడుకోమని పంపించి, లేపొద్దని ఆజ్ఞ వేసి, ఆ నేరం తమ్ముడి నెత్తిన పెట్టి, నాలుగు రోజులని తప్పుడు కొలత ఇచ్చి, ఇద్దరు ముసలివాళ్లను ఎదురెదురు కిటికీల్లో కూర్చోబెట్టి, తను మాత్రం ప్రశాంతంగా వెళ్లిపోయిన మనిషి ఒకరున్నారు. నేను ఇప్పటికీ తప్పు పట్టేది ఆవిడనే. మీ అక్కని.